చలిజ్వరం తిరగబెట్టకుండా పద్నాలుగు రోజులూ కావలి కాద్దాం

చలిజ్వరం వచ్చిన కూలీ మందు మొదలుపెట్టిన రెండో రోజుకో మూడో రోజుకో లేచి కూర్చుంటాడు. వణుకు పోతుంది. నోటికి నాలుగు మెతుకులు సహిస్తాయి. నాలుగో రోజు పొద్దున్నే మేస్త్రీ కేక వేస్తాడు. "జొరం పోయింది గదా, ఇంకా బిళ్లలేటి?" అని మిగిలిన బిళ్లలు చూరులో దోపి పనిలోకి పోతాడు. ఒకటి రెండు నెలలకో, ఆ తర్వాతో మళ్లీ అదే వణుకు, అదే మంచం. "మళ్లీ దోమ కుట్టింది కామోసు" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కొన్నిసార్లు కొత్త దోమ కుట్టిన మాట నిజమే. కానీ చాలాసార్లు కొత్త దోమతో పనిలేదు. పాత జబ్బే లోపలి నుంచి లేచింది.

జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ కూలివాడికి పోయేది వారం పది రోజుల కూలి. ఆ వారం అప్పు చేస్తాడు. ఊళ్లో సూదిమందు వేసి సెలైన్ ఎక్కించినవారికి మరికొంత పోస్తాడు. రెండు మూడుసార్లు తిరగబెట్టిందంటే ఒంట్లో రక్తం పడిపోతుంది. పిల్లలకైతే ఎదుగుదలే దెబ్బతింటుంది. అందుకే మందు పూర్తిగా వేయించడమన్నది ఒక్క డాక్టరు సంగతి కాదు, మన కూలి సంగతి కూడా.

తుంగ గడ్డలాంటి జబ్బు

చేలో తుంగ పడితే ఏం చేస్తాం? పైన కోసేస్తే నాలుగు రోజులు చేను శుభ్రంగా కనిపిస్తుంది. గడ్డ మట్టిలోనే ఉంటుంది. తడి తగలగానే మళ్లీ మొలుస్తుంది. వైవాక్స్ రకం మలేరియా సరిగ్గా అలాంటిదే. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి దిగిన క్రిములు ముందుగా కాలేయంలోకి చేరతాయి. కొన్ని అక్కడ పెరిగి రక్తంలోకి వచ్చి జ్వరం తెప్పిస్తాయి. కొన్ని కాలేయంలోనే నిద్రపోతూ ఉండిపోతాయి. వారాలకో నెలలకో మేలుకొని మళ్లీ రక్తంలో పడతాయి.

క్లోరోక్విన్ బిళ్లలు రక్తంలోని క్రిముల్ని చంపుతాయి. అంటే తుంగ ఆకు కోస్తాయి. అందుకే మూడు రోజుల్లో జ్వరం పోతుంది. కాలేయంలో నిద్రపోతున్న గడ్డ జోలికి క్లోరోక్విన్ పోదు. దాన్ని తవ్వేది ప్రైమాక్విన్. ఇది 14 రోజులు వేసుకోవాలి. ఒకప్పుడు మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కింద దీన్ని 5 రోజులే ఇచ్చేవారు. అది చాలదని, జబ్బు తిరగబెడుతూనే ఉందని తేలాకనే 14 రోజులకు మార్చారు. అంటే ఐదో రోజున ఆపేసిన మనిషి, పనికిరాదని తేలిపోయిన పాత వైద్యమే చేసుకున్నట్టు లెక్క.

పెద్దవాళ్లకు మామూలు లెక్క ఇది. క్లోరోక్విన్ మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2. ప్రైమాక్విన్ రోజుకు 15 మిల్లీగ్రాములు, 7.5 మిల్లీగ్రాముల బిళ్లలైతే రెండు, 2.5 మిల్లీగ్రాములవైతే ఆరు. పిల్లలకు వయసును బట్టి, బరువును బట్టి తగ్గుతుంది. ఈ లెక్క మనకు మనం వైద్యం చేసుకోవడానికి కాదు. ఇచ్చిన బిళ్లలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి.

మన్యంలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం రకం వేరు. అది కాలేయంలో నిద్రపోదు. కానీ ప్రాణం తీసేది అదే. దానికి మూడు రోజుల ఏసీటీ మందు ఇస్తారు. జబ్బు ఇంకొకరికి అంటకుండా రెండో రోజున ప్రైమాక్విన్ ఒక్క మోతాదు కలుపుతారు. ఒక రోజుకే జ్వరం తగ్గిందని ఇది ఆపేస్తే రక్తంలో మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి. సగం మందుకు చావని క్రిములు మందుకు లొంగని రకాలుగా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది. మన దేశంలో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం 1973లో అస్సాంలో బయటపడింది. తర్వాత దేశమంతా పాకింది. ఏ రకం జ్వరమో రక్తపరీక్షతోనే తెలుస్తుంది. పరీక్ష లేకుండా మందు లేదు. రకం తెలియకుండా "నయమైంది" అనుకోవడమూ లేదు.

ఎందుకు ఆపేస్తున్నారు?

"వీళ్లకు తెలివి లేదు, చెప్పినా వినరు" అని కొందరు ఉద్యోగులు తేలిగ్గా అనేస్తారు. ఇది సరికాదు. మిరప కోతకు పొరుగు జిల్లాకు పోయే కూలీకి 14 రోజులు ఒక్కచోట ఉండే వీలెక్కడిది? చద్దన్నమైనా లేకుండా తెల్లవారుజామునే పనిలోకి పోయేవాడు ఖాళీ కడుపున ప్రైమాక్విన్ మింగితే కడుపులో మంట, వికారం రావా? మర్నాడు వద్దంటాడు. పక్కింటి పిల్లకు జ్వరమొస్తే తన బిళ్లలు సగం ఇచ్చే తల్లి ఉంటుంది. మళ్లీ జ్వరమొస్తే పనికొస్తాయని దాచుకునే ముసలమ్మ ఉంటుంది. కొన్నిచోట్ల వైద్యం చేసినవారు క్లోరోక్విన్‌తోనే సరిపెట్టి ప్రైమాక్విన్ మాటే ఎత్తరు. వీటిలో ఏ ఒక్కటీ తిట్టితే పోయేది కాదు. పక్కన మనిషి నిలబడితే పోతుంది.

మనం చేయగలిగింది

పంట చేతికొచ్చే వేళ మంచె మీద కావలి ఎలా వంతులేసుకుంటామో, ఇదీ అంతే. జ్వరం తేలిన ప్రతి మనిషికీ ఒక కావలి మనిషి ఉండాలి. ఆశా కార్యకర్త కావచ్చు, భార్య కావచ్చు, బడికి పోయే కొడుకు కావచ్చు, పనిముఠాలో తోటి కూలీ కావచ్చు. చేయవలసినవి ఇవి:

రోజూ ఒకే వేళకు, అన్నమో గంజో తాగాక, కళ్లముందు బిళ్ల మింగించాలి. చేతికిచ్చి వెళ్లిపోకూడదు. పావుగంట కూర్చోబెట్టాలి. ఆ లోపు వాంతయితే ఆశాకో నర్సుకో చెప్పి మళ్లీ వేయించాలి.

గోడ మీద బొగ్గుతోనైనా రోజుకో గీత గీయాలి. గీతలు పద్నాలుగు కావాలి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు రోజులవీ కలిపి మింగకూడదు. ఆశాను అడగాలి.

వలస పోయేవారు మిగిలిన రోజుల బిళ్లలన్నీ, పరీక్ష చీటీతో సహా, వెంట తీసుకుపోవాలి. ఆ ముఠాలో ఒకరికి ఈ బాధ్యత అప్పగించాలి. మేస్త్రీ కూడా తప్పించుకోకూడదు. జ్వరం మనిషిని ఒకటి రెండు రోజులు నీడపట్టు పనిలో పెట్టడం వాడికి తలకు మించిన భారం కాదు.

ఒకరి బిళ్లలు ఇంకొకరికి ఇవ్వకూడదు. పక్కింట్లో జ్వరమొస్తే రక్తపరీక్షకు పంపాలి.

కావలి మనిషికి తెలియవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. పాలిచ్చే తల్లి ఆ సంగతి ముందే చెప్పాలి. కొందరి రక్తంలో పుట్టుకతోనే జీ-6-పీడీ అనే పదార్థం తక్కువగా ఉంటుంది. వారికి ఈ మందు రక్తాన్ని విరిచేస్తుంది. మూత్రం నల్లటి టీ నీళ్లలా వచ్చినా, కళ్లు పచ్చబడినా, పెదవులు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా వెంటనే బిళ్లలు ఆపి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ధైర్యం చెప్పి మింగించడం కావలి కాదు. ప్రమాదాన్ని ముందుగా చూడడమే కావలి.

పాలకుల బాధ్యత

ఇంత చెప్పినా బిళ్లలు ఉపకేంద్రంలో లేకపోతే కావలి దేనికి? పూర్తి 14 రోజుల మందు ఒకేసారి ఊరికి చేరాలి. ఖాళీగా ఉన్న ఉద్యోగాలు నింపాలి. జీ-6-పీడీ పరీక్ష కొండ మీది ఊళ్లకు కూడా రావాలి. ఇంటింటికీ తిరిగి బిళ్ల మింగించే ఆశాకు ఆ శ్రమకు తగిన డబ్బు నెలనెలా అందాలి.

దేశం ఈ పాఠం ఒకసారి నేర్చుకుంది. 1953లో మలేరియా అదుపు కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా 7.5 కోట్లమందికి సోకుతున్న జబ్బు 1965 నాటికి లక్ష కేసులకు దిగింది. పోయిందిలే అనుకున్నారు. మందు చల్లడం సడలింది, పరీక్షలు సడలాయి, దోమలు డీడీటీకి లొంగకుండా పోయాయి. 1976లో 64 లక్షలు దాటింది. దేశం కూడా నాలుగో రోజున బిళ్లలు చూరులో దోపిందన్నమాట! ఇప్పుడు 2030 నాటికి మలేరియా లేని దేశం అంటున్నారు. కేసులు తగ్గిన మాట వాస్తవమే. తగ్గినప్పుడే చేయి వదలకూడదు.

ఈ వారం మీ ఊళ్లో, మీ ముఠాలో జ్వరం వచ్చి తగ్గినవాళ్లెవరో కనుక్కోండి. ఎన్నో రోజు బిళ్ల నడుస్తోందని అడగండి. ఆపేశామంటే చేయిపట్టుకుని ఆశా దగ్గరకు తీసుకుపొండి. సంఘ సమావేశంలో కూలిరేట్లతో పాటు ఈ లెక్క కూడా చదవండి.