ధూపదాని అడుగున ముద్ర

హుజూర్‌నగర్‌లో మేం కొందరం కూడి కథలు చదువుకునే చోట ఈ మధ్య ఒక యువరచయిత తన కథ వినిపించాడు. నేపథ్యం 1946-51 నాటి సాయుధ పోరాటం. దొర పారిపోతాడు, జనం గడీలోకి వస్తారు. హాలు నడుమ మింగ్ చక్రవర్తుల కాలపు చైనా కంచు ధూపదాని గుప్పుగుప్పున పొగలు చిమ్ముతూ ఉంటుంది. కథ బాగుంది గాని ఆ ధూపదాని దగ్గర నాకు నమ్మకం కుదరలేదు. ఆ మాటే అంటే, "వర్ణనే గద సార్, దానికింత విచారణ ఎందుకు?" అన్నాడు. వర్ణన కోసం తెచ్చుకున్నా వస్తువు తన చరిత్రను వెంటబెట్టుకునే వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు పొగ సంగతి. మన ఇళ్లలో కణకణలాడే నిప్పుల మీద సాంబ్రాణి చల్లుతాం. దర్గాల్లో ఊదు వేస్తారు. పొగ లేవాలి, ఇల్లంతా కమ్ముకోవాలి. చైనా పండితుడి గదిలో పద్ధతి వేరు. పాత్ర నిండా మెత్తటి బూడిద పోసి, రాజేసిన చిన్న బొగ్గుబిళ్లను అందులో పాతిపెడతారు. పైన పల్చటి అభ్రకం రేకు, దాని మీద అగరుచెక్క ముక్క. చెక్క మండదు, వేడెక్కుతుంది. వాసనే గాని పొగ దాదాపు ఉండదు. పక్కన చిన్న కూజాలో పట్టకారు, గరిటె. మరో డబ్బీలో సుగంధద్రవ్యం. ఇంత తీరిక నాగలి పట్టినవాడికి ఎక్కడిది? గుళ్లలోనూ పితరుల పీఠాల ముందూ ఉండే పాత్రల్లో మాత్రం బూడిదలో కడ్డీలు గుచ్చుతారు.

మన రచయితకు కావలసిన పొగ ఇంకా పాతకాలంలో ఉంది. హాన్ రాజవంశీకుడు ల్యూ షెంగ్ క్రీ.పూ. 113లో చనిపోయాడు. మాన్‌చెంగ్ దగ్గర అతని సమాధిని 1968లో తవ్వితే బంగారం పొదిగిన కంచు ధూపదాని దొరికింది. దాని మూత కొండల వరుస. కొండల మధ్య జంతువులు, మనుషులు. పొగ ఆ సందుల్లోంచి మబ్బులా లేచేది. తర్వాతి కాలాల వాళ్లు ఇంకా ప్రాచీనమైన మూడుకాళ్ల నైవేద్యపాత్ర ఆకారాన్ని ధూపదానికి తెచ్చుకున్నారు. అన్నం పెట్టిన గిన్నె పరిమళం పెట్టే గిన్నె అయింది. రూపం, వస్తువు అంటూ గంటలకొద్దీ వాదించుకునే మనం దీన్ని గమనించాలి.

ఇక మింగ్ సంగతి. ఈ పాత్రల అడుగున తరచు ఆరు అక్షరాల ముద్ర కనిపిస్తుంది. "మహా మింగ్ వంశపు షువాన్‌ద పాలనలో చేసినది" అని దాని అర్థం. షువాన్‌ద ఏలింది 1426 నుంచి 1435 దాకా. ఆ ముద్ర వేసిన ధూపదానులు మాత్రం తర్వాతి శతాబ్దాల్లో తామరతంపరగా తయారయ్యాయి. నిజంగా ఆ కాలానివని నిశ్చయంగా చెప్పగలిగేవి బహు అరుదు. కంచు అంటున్నాం గాని వీటిలో చాలావాటిలో రాగితో ఎక్కువగా కలిసింది తగరం కాదు, తుత్తునాగం. మన లెక్కన అది ఇత్తడే. ముద్ర వేసిన ప్రతివాడూ మోసగాడని నేననను, పాతవాళ్లకు నమస్కారంగా వేసినవాళ్లూ ఉంటారు. అయితే సంతలో ధర పలికింది రాజు పేరుకు. హూ వెన్‌మింగ్ వంటి కొద్దిమంది పనివాళ్లు తమ పేరు చెక్కుకున్నారు. మిగతావాళ్ల పేర్లు మట్టిలో కలిశాయి. మైనంతో బొమ్మ చేసి, మట్టి కప్పి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే పని ఎంత కష్టమో మన ఆదిలాబాద్ ఓజాలనడిగితే చెప్తారు.

చైనా ముస్లింల కోసం పోసిన ధూపదానుల మీద అరబ్బీ అక్షరాలుంటాయి. ఇది తెలిశాక జాన్‌పహాడ్ దర్గా ఊదు నాకు మరోరకంగా కనిపించింది. చైనాతో మన సంబంధమూ నిన్నటిది కాదు. 1244-45 నాటి గణపతిదేవుని మోటుపల్లి శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల్లో శ్రీగంధంతో పాటు చీనికర్పూరం కూడా ఉంది. వాసనలు అలా రేవుల్లో దిగాయి. విదేశీ కళాఖండాలు పోగుచేయడం ప్రభువుల సరదా. మూడో సాలార్‌జంగ్ (1889-1949) సేకరణ హైదరాబాదు మ్యూజియంగా 1951లో తెరుచుకుంది. అందులోని చైనా వస్తువులు ఎవరైనా చూడవచ్చు.

కనుక గడీలో చైనా ధూపదాని ఉండటం అసాధ్యం కాదు. నవాబులను చూసి ముచ్చటపడ్డ దొర కొని ఉండవచ్చు. అది నకలైతే కథకు ఇంకా మేలని ఆ అబ్బాయితో అన్నాను. దొర ముద్రను నమ్మి డబ్బు పోశాడు. రోజూ తుడిచిన వెట్టిమనిషికి దాని బరువు మాత్రమే తెలుసు. ఇంకొకటి కూడా అడిగాను: "దొర పారిపోయిండు గదా, మరి అందులో నిప్పు వేసిందెవరు?" కాసేపు ఆలోచించి, కథ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరగరాస్తాడట.