చాదస్తమా? మనోవ్యాధియా?

కడిగిన చేతులనే మరల మరల కడుగుట, వేసిన తాళమును పదిసార్లు లాగి చూచుట, మనస్సులో అపవిత్రమైన ఆలోచన మెదలినదని పూజను మొదటినుండి ఆరంభించుట - ఇట్టివానిని మన ఇండ్లలో చాదస్తమని నవ్వి ఊరకుందురు. శ్రుతి మించినచో ఇది వ్యాధి.

కొన్నేండ్ల క్రితము చిత్తూరు సమీప గ్రామమునుండి ఒక గృహిణి భర్తతో నా వద్దకు వచ్చినది. ఆమె చేతుల చర్మము పగిలియున్నది. చర్మరోగమనుకొని మొదట నేనును లేపనమే ఇచ్చితిని. రెండవమారు విచారింపగా అసలు సంగతి తెలిసినది. ట్యాంకరు నీటితో గడుపుకొను ఆ ఇంట బిందెలకొలది నీరు ఆమె చేతులకే చెల్లుచున్నది! "చేతులు బాగానే ఉండాయని నాకూ తెలుసు సామీ. కడక్కపోతే మనసు నిలవదు" అన్నది.

ఆ మాటయే రోగలక్షణము. సహజమైన శుచిత్వము తృప్తినిచ్చును. ఈ వ్యాధిలో కడిగినకొలది అనుమానము పెరుగును. ఆధునిక వైద్యులు దీనిని ఓసీడీ అందురు.

చరకసంహిత చికిత్సాస్థానము పదవ అధ్యాయమున అతత్త్వాభినివేశమను మహావ్యాధి చెప్పబడినది. రజస్తమస్సులు మనస్సును ఆవరింపగా హితాహిత వివేకము తారుమారగును. ఓసీడీ రోగులలో పలువురికి తమ భయము అర్థరహితమని తెలిసియుండును గనుక రెండును ఒకటే యనరాదు. పోలిక మాత్రము కలదు. దాని చికిత్సలో శోధనము, బ్రాహ్మి, శంఖపుష్పితోపాటు, ఆప్తులు రోగికి ధైర్యమును, స్మృతిని కలిగింపవలెనని ఆచార్యుని ఉపదేశము.

ఇంటివారు పొరబడునది ఇచ్చటనే. "శుభ్రమైనదా?" అని అడిగినప్పుడెల్ల "అయినది" అని చెప్పినచో క్షణకాలము ఊరట కలుగును, వ్యాధి బలపడును. కసరినను భయము హెచ్చును. "ఇది నీ జబ్బు అడిగించుచున్న ప్రశ్న, కొంచెము ఓర్చుకొనుము" అని మృదువుగా చెప్పి తోడుండవలెను. కడుగవలెనను తహతహ, లొంగకున్నచో, క్రమముగా తనంతట తగ్గును. మొదట ఐదు నిమిషములు, పిదప పది నిమిషములు ఓర్చుట అలవరచవలెను. నేటి మానసిక చికిత్సయు ఈ మార్గమునే అనుసరించును. నిపుణుని పర్యవేక్షణలో చేయుట మేలు.

తైలాభ్యంగనము, వేళకు నిద్ర, సాత్త్వికాహారము సహాయకములే గాని ప్రధాన చికిత్స కావు. బ్రాహ్మి మొదలగు ఔషధములను వైద్యుని అడిగియే వాడవలెను. మానసిక వైద్యుడిచ్చిన మాత్రలను సొంతముగా మానరాదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే ఉచితముగా సలహా పొందవచ్చును. ప్రాణము తీసుకొనవలెనను మాట వినవచ్చినచో రోగిని ఒంటరిగా విడువక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆ గృహిణిని మానసిక వైద్యుని వద్దకు పంపితిని. భర్తయు ఓర్పు నేర్చెను. అనుమానము పూర్తిగా పోలేదు. కాని కొన్ని నెలలకు చేతులు మానినవి, బిందెలో నీరు మిగిలినది.