మోకాలి నొప్పికి మూలం బొటనవేలిలో ఉండవచ్చు

దోమకొండ కోటలోని మహాదేవాలయానికి ప్రతి సోమవారం నడిచి వెళ్ళడం మా అమ్మకు ఏళ్ళ నాటి అలవాటు. ఒక ఏడాది ఆ నడక నిలిచిపోయింది. “మోకాలు గుంజుతున్నది బిడ్డా, ఇగ నాతోని కాదు” అన్నది. మోకాలికి తైలం మర్దించాము, కాపడం పెట్టాము. ఉపశమనం గంట, రెండు గంటలకు మించి నిలువలేదు.

ఒకనాడు గడప వద్ద విడిచిన ఆమె చెప్పులపై నా దృష్టి పడింది. కుడి చెప్పు వెలుపలి అంచు పూర్తిగా అరిగిపోయింది. బొటనవేలి కింది భాగం మాత్రం కొత్తదానివలె ఉన్నది. ఈ సంగతి చెప్పగా, ఎముకల వైద్యుడు మోకాలి కంటె ముందు పాదాన్ని పరీక్షించారు. బొటనవేలిని పైకి వంచబోగానే అమ్మ కాలు వెనుకకు లాగుకున్నది. వేలి మొదటి కీలు అరిగి బిగుసుకున్నదని ఎక్స్‌రేలో తేలింది.

నడకలో పాదాగ్రం పని

మన పాదంలో 26 ఎముకలు ఉన్నవి. ఒక అడుగు చక్రంలో పాదం సుమారు 60 శాతం కాలం నేలపై, 40 శాతం గాలిలో ఉంటుంది. మడమ పైకి లేచిన క్షణాన శరీరభారం పాదాగ్రానికి చేరుతుంది. అప్పుడు బొటనవేలి మొదటి కీలు సుమారు 40 నుండి 60 డిగ్రీల వరకు పైకి వంగాలి. వేలు అలా వంగినప్పుడు, గిలక మీదుగా చేంతాడు లాగినట్లు, అరికాలిలోని దళసరి పొర బిగిసి పాదపు వంపును పైకెత్తుతుంది. మెత్తని పాదం గట్టి మీటగా మారి మనలను ముందుకు నెడుతుంది. ఈ యంత్రాంగాన్ని 1954లో హిక్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించారు.

కీలు వంగకపోతే మనిషి నొప్పి తప్పించుకొనుటకు పాదం వెలుపలి అంచుపై నడుస్తాడు. ఆ వంకర నడక భారం మోకాలిపై, తుంటిపై పడుతుంది. అమ్మకు జరిగినది ఇదే.

ఇంట్లో చేయదగినవి

చరకసంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయం పాదాభ్యంగాన్ని నిత్యవిధిగా చెప్పి, పాదాల బిరుసుదనాన్ని, అలసటను, తిమ్మిరిని పోగొడుతుందన్నది. పాదరక్షలు ధరించడాన్నీ అదే అధ్యాయం ప్రశంసించింది. మేము రెండింటినీ ఆచరించాము.

రాత్రి గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు పాదాలుంచి, తుడిచి, నువ్వులనూనెతో బొటనవేలి మొదలును అయిదు నిమిషాలు మెల్లగా మర్దించాలి. పిదప వేలిని కొద్దిగా ముందుకు లాగి, నొప్పి పుట్టనంత మేరకే పదిమార్లు పైకి వంచాలి. జారిపడకుండా నూనె తుడిచిన తరువాతనే లేవాలి. పగలు ముందుభాగం విశాలంగా, అడుగు గట్టిగా ఉన్న చెప్పులు వాడాలి. అడుగు గట్టిదైతే కీలు అంతగా వంగవలసిన అవసరముండదు.

జాగ్రత్త

మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు కాపడం, వేడినీరు వాడరాదు, బొబ్బలెక్కినా తెలియదు. బొటనవేలు అకస్మాత్తుగా ఎర్రబడి, వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత నొప్పి పెడితే అది వాతరక్తం కావచ్చు. దానిని మర్దించక వైద్యుని వద్దకు వెళ్ళాలి. పాదంపై పుండు ఉన్నా అంతే.

మూడు నెలలకు అమ్మ నొప్పి చాలావరకు తగ్గినది. అరిగిన కీలు మరల కొత్తది కాలేదు. ఆ ఆశ మేము పెట్టుకోలేదు. కాని సోమవారం నడక తిరిగి మొదలైనది. కోట ద్వారం వరకు గట్టి చెప్పులతో, గుడి ముందర మాత్రం వట్టికాళ్ళతో, మెల్లగా నడుస్తున్నది.

మీ ఇంటి పెద్దలు మోకాలి నొప్పి అన్నప్పుడు ఒకసారి వారి చెప్పులను తిరగవేసి చూడండి.