బండి ‘ఱ’ ఎందుకు ఉంది?

పలక మీద అక్షరాలు దిద్దే పిల్లలకు చివర్లో ఒక చిక్కు వస్తుంది. ‘ర’ ముందే నేర్చుకున్నాం కదా, మళ్లీ ఈ బండి ‘ఱ’ ఎందుకు?

ఒకప్పుడు ఈ రెండూ వేర్వేరు శబ్దాలు. ‘ఱ’ను కాస్త గట్టిగా ఒత్తి పలికేవారు. పలుకు మారితే అర్థమే మారిపోయేది. ‘ఏరు’ అంటే నాగలి. తొలకరికి దుక్కి మొదలుపెట్టే ఏరువాకలో ఉన్నది అదే. ‘ఏఱు’ అంటే పారే నది. కడప జిల్లాలో పెన్నా నదిని పెన్నేరు అంటారు కదా, ఆ పేరు చివర ఉన్నది ఈ రెండో మాటే! పాత పుస్తకాలు తెరిస్తే కఱ్ఱ, గుఱ్ఱము, చెఱువు అని కనిపిస్తాయి.

మరి ఈ రెండు శబ్దాలూ ఎలా కలిసిపోయాయి? దానికి కడప జిల్లా రాళ్లనే అడగాలి. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో, ఆ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళ రాజుల శాసనం దొరికింది. క్రీ.శ. 575 ప్రాంతానిదైన ఈ శాసనాన్ని పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా చెబుతారు. రేనాటి శాసనాల్లో ‘ఴ’ అనే ఇంకో అక్షరం కూడా ఉండేది. ‘చోఴ’ అని రాసేవారు. జనం నోట అది ‘డ’గా మారి ‘చోడ’ అయింది, అక్షరం మాయమైంది. తమిళంలో మాత్రం ఆ శబ్దం నేటికీ ఉంది.

అలాగే ‘ఱ’ శబ్దం కూడా మెల్లగా ‘ర’లో కలిసిపోయింది. కానీ ప్రాసలో ఈ రెంటినీ కలపకూడదని పాత కవులు నియమం పెట్టుకున్నారు. పద్యం నేర్చుకునేవాళ్లకు ఆ తేడా తెలియాలి కాబట్టి అక్షరం వర్ణమాలలో నిలిచిపోయింది.