మీకు తెలుసా? గాంధీజీ ఒకే ఒక్కసారి రేడియో స్టూడియోకి వెళ్లారు

2007 జూలైలో విడుదలైన ‘శంకర్ దాదా జిందాబాద్’లో చిరంజీవి పాత్ర ఓ రేడియో జాకీ గొంతు విని ప్రేమలో పడుతుంది. ఆమెను కలవాలంటే గాంధీజీ మీద క్విజ్‌లో గెలవాలి. హిందీలో 2006లో వచ్చిన ‘లగే రహో మున్నాభాయ్’కి ఇది రీమేక్. రెండింట్లోనూ గాంధీగా కనిపించింది దిలీప్ ప్రభావల్కరే.

సినిమాలో బాపు చెప్పిన దారి రేడియో ద్వారా శ్రోతలకు చేరుతుంది. మరి అసలు గాంధీజీ? ఆకాశవాణి స్టూడియోలో అడుగుపెట్టింది జీవితంలో ఒక్కసారే. 1947 నవంబరు 12, దీపావళి రోజు. దేశ విభజనతో ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకుని కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకున్న శరణార్థుల దగ్గరికి స్వయంగా వెళ్లలేక, ఢిల్లీ స్టూడియో నుంచి వాళ్లతో మాట్లాడారు. ప్రార్థన సభల్లో కూర్చునే బల్లలాంటిదే స్టూడియోలోనూ వేశారు. ఆ రోజునే ఇప్పుడు ప్రజాసేవా ప్రసార దినంగా జరుపుకుంటున్నాం.

గాంధీజీ స్టూడియోలో మాట్లాడే నాటికి తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవలేదు. అక్కడి రేడియో కూడా వేరే: నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో. 1948 సెప్టెంబరులో సంస్థానం యూనియన్‌లో కలిసింది. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణి చేతికి వచ్చింది. నేటి ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రానికి మూలం అదే.