లిథియాన్ని పగలగొట్టిన యంత్రం

పరమాణువును చీల్చడం గొప్ప విద్యేమీ కాదు. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో నాలుగుసార్లు దువ్వితే చాలు, కొన్ని ఎలక్ట్రాన్లు ఊడి దువ్వెనకు చేరతాయి. ట్యూబ్‌లైటు వెలుగుతున్నంతసేపూ లోపల జరిగేది కూడా పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడమే. కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టడంతోనే, పరమాణువు విడదీయరానిదన్న మాటకు కాలం చెల్లింది. అసలు చిక్కంతా నడిమధ్యనున్న కేంద్రకం దగ్గర. పరమాణువు బరువు దాదాపు మొత్తం అందులోనే ఉంటుంది. పైగా ధనావేశం ఉన్న దేన్నీ అది దగ్గరికి రానివ్వదు.

దాన్ని మొదట కదిలించినవాడు భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. రేడియోధార్మిక పదార్థం నుంచి సహజంగా వెలువడే ఆల్ఫా కణాలను నైట్రోజన్ మీదికి వదిలితే ప్రోటాన్లు బయటపడుతున్నాయని 1919లో ప్రకటించాడు. అయితే ఆ తూటాలు ప్రకృతి పెట్టిన భిక్ష. ఎన్ని కావాలో, ఎంత వేగంతో కావాలో మన చేతిలో లేదు. 1927 నవంబరులో రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ప్రసంగిస్తూ, అంతకంటే శక్తిమంతమైన కణాలను మనుషులే తయారు చేసుకోవాలని రూథర్‌ఫర్డ్ కోరాడు.

అందుకు లక్షలు కాదు, మిలియన్ల వోల్టులు కావాలని అప్పటి అంచనా. బెర్లిన్ నుంచి వెళ్లిన ముగ్గురు ఆల్ప్స్‌లోని ఒక కొండ మీద తీగలు కట్టి మెరుపునే పట్టాలని చూశారు. వారిలో కర్ట్ అర్బన్ 1928లో అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. అదే ఏడాది జార్జ్ గామోవ్ అనే రష్యన్ యువకుడు క్వాంటం సిద్ధాంతంతో ఒక లెక్క కట్టాడు. కేంద్రకం చుట్టూ ఉన్న విద్యుత్ అడ్డుగోడను దాటే శక్తి లేని కణం కూడా అరుదుగా దాని గుండా అవతలికి చేరగలదని ఆ లెక్క సారాంశం. కావెండిష్‌లో దీని విలువ వెంటనే పసిగట్టినవాడు జాన్ కాక్‌క్రాఫ్ట్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి, మాంచెస్టర్ విద్యుత్ పరిశ్రమలో అనుభవం గడించి, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో గణితం చదివిన మనిషి. ప్రోటాన్లను వాడితే 3 లక్షల వోల్టులు సరిపోవచ్చని అతను తేల్చాడు. ఐర్లండ్ నుంచి వచ్చిన ఎర్నెస్ట్ వాల్టన్ అతనికి జతయ్యాడు. వాల్టన్ పనితనం గల చేతులున్నవాడు. కావెండిష్ అధిపతిగా ఉన్న రూథర్‌ఫర్డ్, విశ్వవిద్యాలయం నుంచి 1000 పౌండ్లు ఇప్పించాడు.

మొదటి యంత్రం 1930లో 2,80,000 వోల్టుల దాకా పనిచేసింది. కేంద్రకం పగిలితే గామా కిరణాలు వస్తాయని వాళ్లు ఎదురుచూశారు. అలాంటివేమీ కనిపించలేదు. దానితో ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలనుకున్నారు. 1931లో గది ఖాళీ చేయాల్సి రావడంతో కొత్త చోట పెద్ద యంత్రం మొదలుపెట్టారు.

మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌తో 2 లక్షల వోల్టులు తెచ్చుకోవచ్చు. దాన్ని నాలుగింతలు చేయడమెలా? మేడ కట్టే చోట నిచ్చెన మెట్టుకొకరు నిలబడి ఇటుకలు చేతికి చేయి అందిస్తారు. ఒక్కొక్కరు ఎత్తేది ఒక మెట్టే, ఇటుక మాత్రం పై అంతస్తుకు చేరుతుంది. వీళ్లు వాడిన సర్క్యూట్‌లో ఆ పని కెపాసిటర్లది, ఎక్కేది విద్యుదావేశం. ఆవేశం వెనక్కి జారకుండా రెక్టిఫైయర్లు కాపు కాస్తాయి. ఏసీ కరెంటు అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ ఆవేశం ఒక్కో మెట్టు ఎక్కుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన గ్రైనాకర్ ఇలాంటి సర్క్యూట్‌ను అంతకుముందే రూపొందించాడు. వీళ్లు తమంతట తాము దాన్ని మళ్లీ కనిపెట్టారు, పేరూ వీళ్లదే నిలిచిపోయింది. ఇప్పుడు మన ఇళ్లలో దోమలను టప్పున పేల్చే బ్యాట్‌ను విప్పితే, చాలావాటిలో కనిపించేది రెక్టిఫైయర్లుగా పనిచేసే డయోడ్లు, కెపాసిటర్ల ఇలాంటి వరసే.

ఇక కట్టడానికి వాడిన సామాను చూస్తే పాత సామాన్ల కొట్టు గుర్తొస్తుంది. గాజు గొట్టాలు ఆనాటి పెట్రోలు పంపులకు వాడే రకానివి. అతుకుల్లోంచి గాలి చొరబడకుండా పూసింది పిల్లలు బొమ్మలు చేసుకునే ప్లాస్టిసీన్. గొట్టంలో ఏ మూల చీలిక వచ్చినా శూన్యం పోయేది. వెతికి, పూసి, గంటల తరబడి పంపు ఆడించి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కొన్ని నెలలు ఇదే పని. కొలతలు, మెరుగులు చాలించి, జింక్ సల్ఫైడ్ తెర పెట్టి చూడండని చివరికి రూథర్‌ఫర్డ్ తొందరపెట్టాడు. ఆల్ఫా కణం తగిలితే ఆ తెర మీద చిన్న మెరుపు మెరుస్తుంది.

1932 ఏప్రిల్ 14, గురువారం ఉదయం. ల్యాబ్‌లో వాల్టన్ ఒక్కడే ఉన్నాడు. యంత్రం వేడెక్కాక, షాక్ తగలకుండా నేల మీద పాకుతూ వెళ్లి, గొట్టం అడుగున సీసపు రేకు వేసిన చిన్న చెక్క గదిలో దూరాడు. చీకట్లో మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించాడు. తెర నిండా మెరుపులు! కాక్‌క్రాఫ్ట్‌ను పిలిచాడు, ఇద్దరూ కలిసి రూథర్‌ఫర్డ్‌ను పిలిచారు. ఆ భారీ మనిషిని ఆ పెట్టెలోకి దూర్చడం ఒక ప్రహసనం. కరెంటు ఆపమని, వోల్టేజీ పెంచమని లోపలి నుంచే కేకలు వేసి, బయటికొచ్చాక అవి ఆల్ఫా కణాలేనని తేల్చాడు. ఆల్ఫాకు పేరు పెట్టినవాడే ఆయన, గుర్తుపట్టడంలో ఆయనకు సాటి ఎవరు? కొన్నాళ్లు ఎవరికీ చెప్పొద్దని కట్టడి చేశాడు. ఏప్రిల్ 30న ‘నేచర్’ పత్రికలో వాళ్ల లేఖ వెలువడింది.

ప్రోటాన్లకు గురిగా పెట్టింది లిథియాన్ని. ఒక ప్రోటాన్ దాని కేంద్రకంలోకి చొరబడితే రెండు ఆల్ఫా కణాలు, అంటే రెండు హీలియం కేంద్రకాలు, చెరో దిక్కుకు ఎగిరిపోయాయి. లెక్క చూస్తే 3 ప్రోటాన్లు, 4 న్యూట్రాన్లున్న లిథియానికి ఇంకో ప్రోటాన్ చేరింది, మొత్తం రెండు సమభాగాలయింది. వాటి బరువు కలిపి చూస్తే మొదటి బరువులో వెయ్యింట రెండు వంతులకు పైగా మాయం. దానికి బదులుగా దాదాపు 17 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఆ కణాల పరుగులో కనిపించింది. ఐన్‌స్టీన్ 1905లో కాగితం మీద రాసిన సమీకరణానికి కేంద్రక చర్యలో దొరికిన తొలి ప్రత్యక్ష సాక్ష్యం ఇదే.

నన్ను ఎక్కువగా తొలిచే సంగతి ఇంకొకటుంది. మెరుపులు మొదలైంది సుమారు 1,25,000 వోల్టుల దగ్గరే! అంటే 1930 నాటి మొదటి యంత్రమే చాలు. అప్పుడు గామా కిరణాల కోసం కాక ఆల్ఫా కణాల కోసం చూసుంటే రెండేళ్లు కలిసొచ్చేవి. చూడకపోవడం వాళ్లకే పరిమితం కాదు. కాలిఫోర్నియాలో కణాల వేగం పెంచే సైక్లోట్రాన్ అనే యంత్రాన్ని నడుపుతున్న ఎర్నెస్ట్ లారెన్స్ దగ్గరా ఇంతకు మించిన శక్తే ఉంది. కేంబ్రిడ్జి వార్త విన్నాకే అక్కడివాళ్లు లిథియం వైపు తిరిగారు.

దీన్ని అణుబాంబు కథలో కలిపేయడం పరిపాటి, నాకది నచ్చదు. ఈ యంత్రంలో 2,50,000 వోల్టుల దగ్గర దాదాపు వంద కోట్ల ప్రోటాన్లు పంపితే బయటికొచ్చేది ఒక్క ఆల్ఫా కణం. ఖర్చుతో పోలిస్తే ఆ రాబడి ఏ మూలకూ రాదు. యురేనియం విచ్ఛిత్తి 1938లో మొదలైన వేరే కథ. అక్కడ దూరేది ఆవేశం లేని న్యూట్రాన్, ఒకటి పగిలితే మరికొన్ని న్యూట్రాన్లు పుడతాయి. వాల్టన్ 1934లోనే డబ్లిన్‌కు తిరిగి వెళ్లి పాఠాలు చెప్పుకున్నాడు. కాక్‌క్రాఫ్ట్ హార్వెల్ అణు పరిశోధన సంస్థను నడిపాడు. ఇంగ్లండ్‌లోని విండ్‌స్కేల్ అణు రియాక్టర్ల పొగగొట్టాలకు ఫిల్టర్లు పెట్టాల్సిందేనని పట్టుబడితే, అనవసరపు ఖర్చంటూ వాటికి ‘కాక్‌క్రాఫ్ట్ వెర్రి’ అని పేరు పెట్టారు. 1957లో అక్కడ మంటలు రేగినప్పుడు చాలా విషాన్ని ఆ వెర్రే ఆపింది. ఇద్దరికీ 1951లో నోబెల్ బహుమతి వచ్చింది.

యంత్రానికి మాత్రం ఇంకా చాలా ఆయుష్షు మిగిలింది. కేంద్రకాన్ని దాటి ప్రోటాన్ లోపల ఏముందోనని వెతికే కాలం వచ్చింది. అందులో క్వార్కులనే ఇంకా చిన్న కణాలున్నట్టు 1968 నుంచి ఆధారాలు దొరికాయి. క్వార్కును గానీ ఎలక్ట్రాన్‌ను గానీ ముక్కలు చేయడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. క్వార్కుల్లో ఆఖరుగా దొరికిన టాప్ క్వార్క్‌ను 1995లో చికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్ ప్రకటించింది. అక్కడి కణాలకు మొదటి తోపు ఇచ్చింది 7,50,000 వోల్టుల కాక్‌క్రాఫ్ట్–వాల్టన్ జనరేటరే. 2012లో దాన్ని తప్పించి, ఆ స్థానంలో అంతకంటే చాలా చిన్న రేడియో తరంగాల పరికరాన్ని పెట్టారు.