కార్ట్‌ చెప్పే లూబ్రికేషన్‌ పాఠం

అశోక్‌నగర్‌, చిక్కడపల్లి, నారాయణగూడల్లో ఏఈ పోస్టులకు ప్రిపేరవుతున్న మెకానికల్‌ అభ్యర్థులా? లూబ్రికేషన్‌ను బిట్ల కోసమే బట్టీ పట్టొద్దు. గో-కార్ట్‌ ఇంజిన్‌తో అర్థం చేసుకోండి.

కార్ట్‌లకు వాడే హోండా జీఎక్స్‌200లో ఆయిల్‌ పంపు ఉండదు. పట్టేది 0.6 లీటర్ల ఆయిలే. కనెక్టింగ్‌ రాడ్‌ కింది కొస దాన్ని చిమ్ముతుంది. మలుపులో ఆయిల్‌ ఓ పక్కకు పోతే చిమ్మడానికి అందదు. లెవల్‌ తక్కువుంటే ముప్పు ఇంకా ఎక్కువ.

స్పీడ్‌ కోసం గవర్నర్‌ తీసేస్తే ఇంజిన్‌ 3600 ఆర్‌పీఎం దాటేస్తుంది. మామూలు అల్యూమినియం రాడ్‌ విరిగి, క్రాంక్‌కేస్‌నే పగలగొట్టొచ్చు. పక్కనున్నవాళ్లకూ ప్రమాదమే. ముందు గట్టి రాడ్‌, ఆ తర్వాతే స్పీడ్‌.

కాలేజీలో కార్ట్‌ చేస్తుంటే కొత్త ఇంజిన్‌ ఆయిల్‌ను 20 గంటలకే మార్చండి. పాత ఆయిల్‌లో లోహపు రజను ఎంతుందో ప్రతిసారీ రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ‘ఏం మార్చారు?’ తర్వాత వచ్చే ‘ఎందుకు?’కు ఆ నోట్సే మీ జవాబు.